పెద్ద ఫిల్ముతో ఫొటోగ్రఫీ – ఏడవ పాఠం: నెగటివును చదవడం

గత పాఠంలో షీటు ఫిల్మును ట్రేలో డెవలప్ చేసి, కడిగి, దుమ్ము లేని చోట ఆరబెట్టే వరకు వచ్చాము. ఆరిన నెగటివును వెంటనే స్కానరు మీద పెట్టేయాలని ఎవరికైనా తొందరగానే ఉంటుంది. ఆ తొందరను ఒక పూట ఆపుకొని, నాలుగు అంగుళాల వెడల్పు, ఐదు అంగుళాల పొడవు ఉన్న ఆ ఫిల్ములో, ఫొటో తీస్తున్నప్పుడు మన కంటబడనివి ఏమేమి చేరి ఉన్నాయో వెతికి పట్టుకోవడం ఈ పాఠంలో నేర్చుకుందాము. ఇలాంటివి దొరకడం కేవలం అదృష్టమని చాలామంది అంటారు గాని, నేను ఒప్పుకోను. ఇది సాధనతో పట్టుబడే పని. అందులో సగం కెమెరా దగ్గర, సగం లైట్ టేబుల్ (కింది నుంచి వెలుగు వచ్చే బల్ల) దగ్గర జరుగుతుంది.

మనం చూడనిది ఫిల్ము మీదకు ఎలా వస్తుంది? నల్లగుడ్డ కింద, కెమెరా వెనకున్న గ్రౌండ్ గ్లాస్ (గరుకు గాజు పలక) మీద కనిపించే దృశ్యం తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారై ఉంటుంది. లెన్సులో వెలుగు దూరే రంధ్రాన్ని, అంటే ఎపర్చరును, ఎఫ్/5.6 దగ్గర పూర్తిగా తెరిచి ఫోకస్ చేసుకున్నాక, ఎఫ్/22కు మూసేసరికి ఆ దృశ్యం మసకబారిపోతుంది. తరువాత షట్టరు మూసి, ఫిల్ము ఉన్న హోల్డరు దూర్చి, దాని మీద మూతగా ఉన్న స్లైడు లాగుతాము. అంటే ఎక్స్‌పోజర్ జరిగే ఆ క్షణాన్ని కెమెరాలోంచి మనం అసలు చూడనే చూడము. అప్పుడు మన దృష్టి వెలుగు కొలిచే మీటరు మీదో, గాలికి ఊగే బెల్లోస్ (కెమెరా ముందు వెనకలను కలిపే మడతల తిత్తి) మీదో ఉంటుంది. కన్ను తనకు కావలసినదాన్నే ఏరుకుంటుంది, ఫిల్ము మాత్రం అంచు నుంచి అంచు దాకా అన్నిటినీ ఒకే శ్రద్ధతో నమోదు చేస్తుంది.

ఇది ఫొటోగ్రఫీ పుట్టిన నాటి నుంచీ ఉన్నదే. 1838లో, ఫొటోగ్రఫీని కనిపెట్టినవారిలో ఒకడైన డాగెర్ పారిస్‌లో ఒక వీధిని తీసినప్పుడు, ఎక్స్‌పోజర్ నిమిషాల తరబడి సాగడంతో కదిలే బండ్లు, మనుషులు ప్లేటు మీద నిలవలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడిపోయిన ఒక మనిషి మాత్రం మూలన మిగిలాడు. 1848లో ఫాంటెయిన్, పోర్టర్ అనే ఇద్దరు అమెరికాలో సిన్సినాటి నదీతీరాన్ని ఎనిమిది ప్లేట్ల మీద తీశారు. ఆ తరువాత ఎంతో కాలానికి, మన రోజుల్లో, వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, దూరాన ఒక గోపురం మీది గడియారంలో టైము 1.55 అని చదవగలిగారు.

ఇక లెక్క. ఈ పాఠంలో అన్నిటికన్నా అక్కరకొచ్చేది ఇదే కనుక కాస్త నిదానంగా చదవండి. వస్తువు ఫిల్ము మీద ఎంత పరిమాణంలో పడుతుందో తెలియాలంటే, దూరాన్ని లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. మన 150 మిల్లీమీటర్ల లెన్సుతో 45 మీటర్ల దూరంలో ఉన్నదాన్ని తీస్తే, అది అసలు పరిమాణంలో 300వ వంతుగా పడుతుంది. దాదాపు 24 సెంటీమీటర్ల మనిషి తల 0.8 మిల్లీమీటర్లు అవుతుంది. పడవ మీద 15 సెంటీమీటర్ల ఎత్తున రాసిన అక్షరం అర మిల్లీమీటరు అవుతుంది. 2400 డీపీఐ (అంగుళానికి 2400 చుక్కల) స్కానులో మిల్లీమీటరుకు సుమారు 94 పిక్సెళ్లు వస్తాయి కనుక, ఆ అక్షరానికి 47 పిక్సెళ్లు దక్కుతాయి. చదవడానికి అది ధారాళంగా సరిపోతుంది. అదే 300 మీటర్ల దూరమైతే 2000వ వంతు. అక్షరానికి ఏడు పిక్సెళ్లే మిగులుతాయి, తలకు పదకొండు. అక్కడ ఒక మనిషి ఉన్నాడని చెప్పగలం, ఎవరని చెప్పలేము. చిన్న 35 ఎంఎం కెమెరాలో 50 మిల్లీమీటర్ల లెన్సుతో ఇదే దృశ్యాన్ని తీస్తే ఈ కొలతలన్నీ మూడో వంతుకు పడిపోతాయి.

ఆ పిక్సెళ్లలో నిజంగా వివరం ఉండాలంటే కెమెరా దగ్గర రెండు జాగ్రత్తలు కావాలి. ఎపర్చరును అవసరానికి మించి మూయకూడదు: ఎఫ్/22 దగ్గర వెలుగు చెదిరి ఒక్కొక్క బిందువు సుమారు 0.03 మిల్లీమీటర్ల వెడల్పు అవుతుంది, ఎఫ్/45 దగ్గర అది రెట్టింపు. రెండోది కదలిక. సెకనులో ఎనిమిదో వంతు ఎక్స్‌పోజర్‌లో, మామూలుగా నడిచే మనిషి దాదాపు 15 సెంటీమీటర్లు సాగిపోతాడు. అతడు 45 మీటర్ల దూరంలో అడ్డంగా నడిస్తే ఫిల్ము మీద అది అర మిల్లీమీటరు మసక. కాబట్టి మనకు తరువాత దొరికేవాళ్లు ఎక్కువగా కూర్చున్నవాళ్లు, ఆగినవాళ్లు, దేనికోసమో ఎదురుచూస్తున్నవాళ్లే అయి ఉంటారు.

ఈ లెక్కలను విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో తీసిన ఒక నెగటివు మీద చూద్దాము. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి, మరమ్మతులూ రంగులూ అప్పుడే జరుగుతాయి. పెద్ద కెమెరాతో తీసేవారికి ఇంతకన్నా మంచి కాలం లేదు. ఈ నెగటివు జూన్ మొదట్లో, ఎండ పూర్తిగా పదునెక్కక ముందు, ఎఫ్‌పీ4 అనే నలుపు తెలుపు ఫిల్ము మీద ఎఫ్/22, 1/8 సెకనుకు తీసినది. ఎదుటి వరుసలోని బోట్ల కొమ్ముల వంపు కోసం తీసిన ఫొటో ఇది. తీసినప్పుడు దృష్టిలో ఉన్నది అంతే.

ముందుగా నెగటివును ఎమల్షన్ (బొమ్మ పడే పూత) వైపు కిందికి వచ్చేలా లైట్ టేబుల్ మీద పెట్టండి. బోటు నంబరు ఐఎన్‌డి-ఏపీ అని సవ్యంగా చదవగలిగితే సరిగా పెట్టినట్టే. నలుపు తెలుపులు తిరగబడి ఉండడం కొత్తవారిని ఇబ్బంది పెడుతుంది. ఫోనులో రంగులు తిరగేసే సెట్టింగు పెట్టుకొని కెమెరా తెరిస్తే నెగటివు పాజిటివుగా కనిపిస్తుంది. తరువాత నల్ల అట్టలో ఒక అంగుళం చదరపు కిటికీ కోసుకొని, ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే లూపుతో (భూతద్దంతో) మూల నుంచి మొదలుపెట్టి ఇరవై గళ్లూ వరుసగా చూడండి. నడిమి గళ్లను ఆఖరున చూడాలి, ఎందుకంటే అక్కడ ఏముందో మీకు ముందే తెలుసు. తెలిసినదాన్ని కన్ను మళ్లీ మళ్లీ వెతుక్కుంటూ పోతుంది.

మన నెగటివులో పదకొండో గడిలో, ఒక బోటు పక్కన రెండు తాళ్లతో వేలాడదీసిన పలక ఉంది. పలక మీద రంగు డబ్బా, డబ్బా నోటికి అడ్డంగా పెట్టిన కుంచె. బోటు పేరులో మొదటి మూడు అక్షరాలు కొత్త రంగుతో దట్టంగా ఉన్నాయి, మిగతావి వెలిసిన పాత రంగులోనే ఉన్నాయి. రంగు వేసే మనిషి లేడు. పక్క గడిలో, ఐసు పెట్టెల నీడలో గొంతుక్కూర్చుని గ్లాసు పట్టుకున్న ఒక మనిషి ఉన్నాడు. ముఖం సూటిగా కెమెరా వైపే ఉంది. గ్లాసు చేతిలో ఉందంటే టీకి దిగిన పెయింటరు ఇతడే అని చెప్పాలనిపిస్తుంది. చెప్పవద్దు. ఆ చేతికి రంగు అంటిందో లేదో తేల్చేంత వివరం ఫిల్ము మీద లేదు. నోటుపుస్తకంలో రెండు నిలువు గడులు గీసి, ఒకదానిలో కనిపించినది, రెండోదానిలో మీరు ఊహించినది విడివిడిగా రాయండి. ఈ అలవాటు లేనివారి చేతిలో ప్రతి నెగటివూ కథ అయిపోతుంది, పనికివచ్చే సాక్ష్యం మిగలదు. ఊహను తేల్చుకోవాలంటే ప్రింటు పట్టుకొని జెట్టీకి వెళ్లి, సరంగులకో కలాసీలకో చూపించడమే మార్గం. వాళ్లు మనకన్నా వేగంగా, తాడు కట్టిన తీరును బట్టే, ఎవరి బోటో చెప్పేస్తారు.

చుక్కల సంగతి వేరుగా చెప్పాలి. పాజిటివులో ఆకాశంలో నల్లచుక్క కనిపిస్తే అది గద్ద కావచ్చు, హోల్డరులో ఫిల్ము మీద పడిన దుమ్ము కూడా కావచ్చు. దుమ్ము ఉన్నచోట వెలుగు తగలలేదు కనుక నెగటివు మీద ఆ చుక్క గ్రెయిన్ (ఫిల్ములోని సన్నని వెండి రేణువులు) లేకుండా గాజులా తేటగా, అంచు కోసినట్టుగా ఉంటుంది. పక్షి అంచు మెత్తగా ఉంటుంది, చుట్టూ ఉన్న గ్రెయిన్ దానిలోకి సాగుతుంది. గుండ్రంగా కచ్చితంగా ఉంటే డెవలపరులో అంటుకున్న గాలిబుడగ అనుకోండి. తెల్లచుక్కలు ఎక్కువగా స్కానింగులో పడిన దుమ్మే. నెగటివును బ్లోయరుతో ఊది మళ్లీ స్కాన్ చేస్తే చోటు మారుతాయి. మన సముద్రపు గాలికి ఈ బెడద లోతట్టు ఊళ్లవారికన్నా ఎక్కువే.

తేదీ రాసుకోని పాత నెగటివులు చేతికి వస్తే నీడలను చదవండి. విశాఖ దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కనుక, మే రెండో వారం నుంచి ఆగస్టు ఆరంభం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. జూన్ 21 ప్రాంతంలో ఆరు మీటర్ల స్తంభానికి ఆ నీడ అరవై సెంటీమీటర్లే. దిక్కులు తెలిసిన వీధిలో ఒక్క దీపస్తంభం చాలు, నెల ఏదో చాలావరకు తేలుతుంది. హార్బర్ నెగటివులకు మరొక ఆధారం కూడా ఉంది: 2023 నవంబరు అగ్నిప్రమాదంలో అక్కడ పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. అంతకుముందు తీసినవి మీ దగ్గర ఉంటే, వాటిలో చదవగలిగిన ప్రతి నంబరునూ గడి సంఖ్యతో సహా రాసి పెట్టండి.

ఒక మాట: పోర్టు, నౌకాదళం పరిధిలో ఫొటోలకు ఆంక్షలు ఉన్నాయి, ట్రైపాడ్ దించకముందే అనుమతి అడగండి. కిటికీలోనో డాబా మీదో తమ ఇంట్లో తాము ఉన్నవాళ్లు నెగటివులో దొరికితే, ఆ భాగాన్ని పెద్దది చేసి నలుగురికీ చూపించడం నాకు సమ్మతం కాదు.

ఈ వారం అభ్యాసానికి కొత్త ఫొటో అక్కరలేదు. మీ దగ్గర ఉన్న నెగటివుల్లో కనీసం ఆరు నెలల నాటిది ఒకటి తీసుకొని, స్కానును తెర మీద తెరవకుండా, లూపుతోనే ఇరవై గళ్లూ చూసి రెండు నిలువు గడుల పట్టిక రాయండి. ఆ తరువాతే స్కాన్ తెరిచి, ఊహ గడిలోని ఒక్కొక్క మాటనూ సరిచూసి, ఫిల్ము బలపరచనివాటిని కొట్టివేయండి. మిగిలినవాటిలో ఒకదాన్ని ఎంచుకొని దాని దూరాన్ని పై సూత్రంతో లెక్కగట్టి ఉంచండి. ఎనిమిదవ పాఠంలో ఆ ఒక్క గడినే పెద్ద కాగితం మీద ప్రింటు చేస్తాము.