జింక ఎవరిది?

టెక్సాస్‌లో మేం వేటకు లీజుకు తీసుకున్న పొలంలో ఇద్దరు ఒకే జింకను కొట్టామంటే, పంచాయితీ నా దగ్గరికే వస్తుంది. ముందు ఇద్దరినీ విడివిడిగా అడగండి: ఎక్కడ కూర్చున్నారు, జింక ఎటు తిరిగి ఉంది, ఎన్నిసార్లు పేల్చారు. తర్వాత నెత్తురు జాడ పట్టండి. నురగతో లేత ఎరుపుగా ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు. ఎక్కువ దూరం పోదు. పసరు కలిసి కంపు కొడితే పొట్టకు తగిలింది, గంటల తరబడి తిరుగుతుంది. ప్రాణం తీసే దెబ్బ ముందు ఎవరిదైతే జింక వాళ్లదని వేటగాళ్ల వాడుక.

పోయినేడు ఒకడు వేరేవాళ్ల జింకకు తన ట్యాగ్ (జింక తనదని గుర్తుగా కట్టే వేట లైసెన్సు చీటీ) కట్టేసుకున్నాడు. ఈసారి తగవులోనూ అతనే. "వాడా? ఇంకేం చూస్తారు!" అన్నారంతా. నాకూ అలాగే అనిపించింది, అబద్ధమెందుకు. తోలు ఒలిచాక చూస్తే, ఊపిరితిత్తుల్లో దూరిన గుండు అతను కూర్చున్న వైపు నుంచే వచ్చింది. రెండోది తొడకు తగిలిందంతే. జింక అతనికే ఇచ్చాం. పాత జరిమానా మాత్రం ఇంకా సగం బాకీ ఉన్నాడు.