ఉల్లి వేరు స్క్వాష్ స్లైడ్ ఎలా చేయాలి? క్రోమోజోమ్‌లు లెక్కకు దొరికేలా

ఉల్లి వేరు చివరని మెత్తబరచి, స్లైడ్‌కీ కవర్‌స్లిప్‌కీ మధ్య పలచగా నొక్కి, విభజన చెందుతున్న కణాలని చూడటమే స్క్వాష్. ఇంటర్ బైపీసీ నుంచి ఎమ్మెస్సీ దాకా ప్రతి బోటనీ ల్యాబ్‌లోనూ చేసే ప్రయోగం ఇది. అన్నిటికంటే ఎక్కువగా పాడయ్యేదీ ఇదే. మైక్రోస్కోప్ కింద ఎర్రటి ముద్ద ఒకటి కనపడుతుంది, దాంట్లో ఏదీ విడిగా తెలియదు, చివరికి పుస్తకంలో బొమ్మ చూసి రికార్డులో గీసేస్తారు. ఇంత మంచి ప్రయోగాన్ని ఇలా వదిలేయడం అన్యాయం. పద్ధతిగా చేస్తే మామూలు కాలేజీ మైక్రోస్కోప్‌తోనే ఒక్కో కణం విడివిడిగా, క్రోమోజోమ్‌లు దారపు ముక్కల్లా కళ్లముందు కనపడతాయి.

ఉల్లినే ఎందుకు వాడతాం అంటే దాని క్రోమోజోమ్‌లు 16 మాత్రమే, పైగా బాగా పెద్దవి. ఉల్లి కణంలోని డీఎన్ఏ మనిషి కణంలో ఉన్నదానికి దాదాపు 5 రెట్లు. గుంటూరువాళ్లం కదా, మిరప వేరుతో చేద్దాం అని ముందే మొదలుపెట్టకండి. మిరపలో 24 ఉంటాయి, వేరు సన్నగా ఉంటుంది, చెయ్యి కుదరకుండానే విసుగొస్తుంది. ఉల్లితో పది మంచి స్లైడ్‌లు వచ్చాక మిరప మొలకల దగ్గరికి వెళ్లండి.

కావాల్సినవి

ఉల్లిపాయలు, చిన్న గాజు సీసాలు, బ్లేడు, సన్నటి ఇనుప సూది, ఫోర్సెప్స్, వాచ్‌గ్లాస్, స్లైడ్‌లు, కవర్‌స్లిప్‌లు, ఫిల్టర్ పేపరు, స్పిరిట్ ల్యాంపు, థర్మామీటరు. రసాయనాల్లో ఇథనాల్, గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అసిటోకార్మిన్. గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం మూత తీసేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి, చేతులకి గ్లవ్స్ వేసుకోండి.

వేళ్లు మొలిపించడం

విజయవాడ పటమట రైతు బజార్‌లోనో చుట్టుగుంటలోనో మధ్యరకం సైజు ఉల్లిపాయలు అరకిలో తీసుకోండి. కొత్తగా తవ్వి తెచ్చినవి వద్దు, అవి నిద్రావస్థలో ఉంటాయి, నీళ్లలో వారం పెట్టినా వేరు రాదు. కొంతకాలం నిలవున్న పాయలు, పైన మొలక పచ్చగా తొంగిచూస్తున్నవి ఉంటే ఇంకా మంచిది. అడుగున ఎండిన పాత వేళ్లని బ్లేడుతో పైపైన గీకండి. లోతుగా కోస్తే కొత్త వేళ్లు పుట్టే చోటే పోతుంది.

సీసా నిండా నీళ్లు పోసి, పాయ అడుగు మాత్రమే నీటిని తాకేలా మూతి మీద కూర్చోబెట్టండి. పాయ మునిగితే కుళ్లుతుంది. మున్సిపల్ పంపు నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి వెడల్పు గిన్నెలో రాత్రంతా ఉంచి మర్నాడు వాడండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు మార్చాలి. డిసెంబరు, జనవరి నెలల్లో విజయవాడలో రెండు మూడు రోజులకి సెంటీమీటరున్నర వేళ్లు వస్తాయి. మే నెలలో ఈ ప్రయోగం పెట్టుకోకండి. గది 38 డిగ్రీలుంటే వేరు సరిగా పెరగదు, పాయ అడుగున నల్లబూజు పడుతుంది, విభజన చెందే కణాలు దాదాపు దొరకవు. తప్పనిసరైతే సీసాని తడి ఇసుకలో కూర్చోబెట్టి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే మూల పెట్టండి.

వేళ్లు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు ఉన్నప్పుడే కోయాలి. ఉదయం 7 నుంచి 9 మధ్య కోయండి. ఏ గంటలో ఎక్కువ విభజనలు దొరుకుతాయన్నది పాయని బట్టి, వాతావరణాన్ని బట్టి మారుతుంది. ఓపిక ఉంటే ఒకే పాయ నుంచి గంట గంటకీ నాలుగు వేళ్లు తీసి, వేరువేరు సీసాల్లో వేసి పోల్చి చూడండి. మీ గదికి సరిపోయే సమయం అలాగే తెలుస్తుంది.

కోసిన వేళ్లని వెంటనే మూడు వంతుల ఇథనాల్, ఒక వంతు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో వేయండి. ఇది ఏ పూటకి ఆ పూట కలుపుకోవాలి. నిలవ ఉంటే రెండూ చర్య జరిపి ఎస్టర్‌గా మారిపోతాయి, ద్రవానికి పండు వాసన వస్తుంది, ఇక అది పనికిరాదు. 24 గంటలు ఉంచి, తర్వాత 70 శాతం ఇథనాల్‌లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే కొన్ని వారాలు వాడుకోవచ్చు.

మెత్తబరచడం

కణానికీ కణానికీ మధ్య పెక్టిన్ అనే జిగురు ఉంటుంది. అది కరగకపోతే ఎంత నొక్కినా కణాలు విడిపోవు. చాలా చోట్ల వాచ్‌గ్లాస్‌లో రంగు పోసి, పలచటి ఆమ్లం ఒక చుక్క కలిపి, స్పిరిట్ ల్యాంపు మీద రెండు క్షణాలు చూపించి సరిపెడతారు. ఇది అదృష్టం మీద నడిచే పద్ధతి, నమ్మకండి. 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 60 డిగ్రీలు, 8 నుంచి 10 నిమిషాలు. ఇదే చేయండి. 35 శాతం గాఢ ఆమ్లాన్ని 8.8 మిల్లీలీటర్లు తీసుకుని నీళ్లలో కలిపి మొత్తం 100 మిల్లీలీటర్లు చేస్తే 1 నార్మల్ వస్తుంది. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లని ఆమ్లంలో పోయకూడదు. వాటర్‌బాత్ లేకపోతే పెద్ద గిన్నెలో వేడినీళ్లు, అందులో థర్మామీటరు, ఆమ్లం పోసిన టెస్ట్‌ట్యూబు పెట్టుకుంటే చాలు.

అయిందో లేదో వేరుని చూస్తేనే తెలుస్తుంది. చివరి మిల్లీమీటరున్నర సున్నం రాసినట్టు తెల్లగా, మిగతా వేరు అద్దంలా పారదర్శకంగా కనపడితే సరిగ్గా అయినట్టు. సూదితో తాకితే వంగి అలాగే ఉండిపోవాలి. వెనక్కి లేస్తే ఇంకో రెండు నిమిషాలు ఉంచండి. పైకెత్తగానే చివర ఊడిపోతే ఎక్కువైనట్టే, ఆ వేరుకి రంగు కూడా సరిగా పట్టదు. తర్వాత మూడుసార్లు మంచినీళ్లతో కడగండి. ఆమ్లం మిగిలితే రంగు పాలిపోతుంది.

రంగుకి అసిటోకార్మినే వాడాలి. మూతపెట్టిన వాచ్‌గ్లాస్‌లో అరగంట ఉంచండి. ఇందులో ఇనుప సూది పని ఒకటుంది: రంగులో సూదిని కాసేపు కదిపితే కొద్దిగా ఇనుము కరిగి, కార్మిన్‌ని క్రోమోజోమ్‌లకి గట్టిగా పట్టుకునేలా చేస్తుంది. స్టీలు సూదితో ఇది జరగదు. రంగు ఎరుపు నుంచి కొద్దిగా ఊదా వైపు తిరగగానే సూది తీసేయాలి, లేదంటే నల్లటి మడ్డి పేరుకుంటుంది. ఖరీదైన రంగులు కొనేవాళ్లు ఈ చిన్న సంగతి పట్టించుకోరు.

స్క్వాష్: ఇక్కడ తొందరపడకండి

స్లైడ్‌లు పాడయ్యేది ఈ రెండు నిమిషాల్లోనే. తప్పు ఎప్పుడూ ఒకటే: కణాలు పరుచుకోవాలని బొటనవేలితో గట్టిగా నొక్కుతారు. నొక్కితే కణాలు పరుచుకోవు, ఉన్నచోటే అణిగిపోతాయి. కణాలు విడిపోయేది మెత్తబరచడం వల్ల, తర్వాత తట్టడం వల్ల. బొటనవేలి పని చిట్టచివర, ఒక్కసారే.

స్లైడ్‌ని, కవర్‌స్లిప్‌ని ఇథనాల్‌తో తుడవండి. ఇసుక రేణువంత దుమ్ము మధ్యలో ఉన్నా కవర్‌స్లిప్ దాని మీదే పగులుతుంది. స్లైడ్ మధ్యలో 45 శాతం అసిటిక్ ఆమ్లం ఒక చిన్న చుక్క వేయండి. మినప్పప్పు బద్దంత చాలు. చుక్క పెద్దదైతే కణాలు ద్రవంతో పాటు అంచుల్లోంచి బయటికి కొట్టుకుపోతాయి. మంచి కణాలే ముందు పోతాయి, ఎందుకంటే బాగా విడిపోయినవి అవే.

వేరుని చుక్కలో పెట్టి, ముదురు ఎరుపు పట్టిన చివరి మిల్లీమీటరున్నరని మాత్రం బ్లేడుతో కోయండి. మిగతాది తీసి అవతల పారేయండి. ఇక్కడ జాలిపడకూడదు. లేత రంగులో ఉన్న పై భాగంలో కణాలు విభజన మానేసి సాగుతున్నవి. అవి స్లైడ్‌లో ఉంటే లెక్కంతా తప్పుతుంది, కవర్‌స్లిప్ కూడా ఒక పక్కకి లేచి ఉంటుంది. బొంబాయి రవ్వ గింజంత ముక్క మిగులుతుంది. అందులోనే వేల కణాలున్నాయి. దాన్ని సూదితో మరో నాలుగు ముక్కలు చేయండి.

కవర్‌స్లిప్‌ని ఒక అంచు ఆనించి, సూది మీద వాల్చి, మెల్లగా దించండి. ఇప్పుడు అగ్గిపుల్ల తీసుకుని, మందు లేని కొసతో కవర్‌స్లిప్ మీద ముక్కలున్న చోట నిటారుగా తట్టండి. చినుకు పడ్డంత బలం చాలు. ముప్పై, నలభై సార్లు తట్టండి. ప్రతిసారీ ముక్క చుట్టూ గులాబీరంగు మబ్బులా వ్యాపిస్తుంది. మధ్యలో ముద్ద పూర్తిగా కరిగి, అంతా ఒకే లేత రంగులోకి వచ్చేదాకా తట్టాలి. పెన్సిల్ రబ్బరు చివర వాడొద్దు, రబ్బరు కవర్‌స్లిప్‌ని పట్టుకుని పక్కకి లాగుతుంది.

ఈ దశలో స్లైడ్‌ని 10ఎక్స్ కింద ఒకసారి చూడండి. కణాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటే మళ్లీ తట్టండి, నొక్కకండి. విడిగా ఉంటే స్పిరిట్ ల్యాంపు మంట మీదుగా మూడు నాలుగుసార్లు దాటించండి. స్లైడ్ అడుగు చేతి వెనకభాగానికి వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. బుడగలొస్తే ద్రవం మరిగినట్టే, ఆ స్లైడ్ పక్కన పెట్టేయండి. ఈ వేడికి కణద్రవ్యం తేలికై, క్రోమోజోమ్‌లు ముదురుగా నిలుస్తాయి.

ఇప్పుడు నొక్కడం. ఫిల్టర్ పేపరుని రెండు మడతలు పెట్టి దాని మధ్యలో స్లైడ్ ఉంచండి. బల్ల చదునుగా ఉండాలి. ఎడమ చేతి రెండు వేళ్లతో కవర్‌స్లిప్ ఒక అంచుని పేపరు మీదుగా కదలకుండా పట్టుకోండి. కుడి బొటనవేలిని సరిగ్గా పైనుంచి దించి, మోచేయి వంచకుండా, ఒంటి బరువు కొంత వేసి ఐదు క్షణాలు నొక్కి, అలాగే నిటారుగా ఎత్తేయండి. అప్పడాలు వత్తినట్టు అటూ ఇటూ తిప్పకండి. కవర్‌స్లిప్ వెంట్రుకవాసి పక్కకి జరిగినా కణాలు చాపల్లా చుట్టుకుపోతాయి. మైక్రోస్కోప్‌లో పొడవాటి ఎర్రటి పుల్లలు కనపడితే అర్థం ఇదే: వేరు మంచిదే, రంగు మంచిదే, చెయ్యి జరిగింది. దాన్ని మళ్లీ నొక్కి బాగుచేయలేరు. ఇంకో వేరు తీసుకోండి.

ఇంత జాగ్రత్త ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. మనిషి కణంలో 48 క్రోమోజోమ్‌లు ఉన్నాయని దశాబ్దాల పాటు నమ్మారు. అసలు సంఖ్య 46 అని 1956లో స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ చియో, ఆల్బర్ట్ లెవాన్ తేల్చారు. కణాలని ఉబ్బించి, కాల్చిసిన్‌తో విభజనని ఆపి, ఒకదానిమీద ఒకటి పడకుండా స్క్వాష్ చేయడం వల్లే ఆ లెక్క కుదిరింది. ఈ లెవానే 1938లో ఉల్లి వేళ్ల మీద కాల్చిసిన్ ప్రభావాన్ని పరిశీలించాడు.

చూడటం, లెక్కపెట్టడం

10ఎక్స్‌లో దొరికించుకుని 40ఎక్స్‌కి వెళ్లండి. గుండ్రటి కేంద్రకంలో దారపు ఉండలా ఉంటే ప్రథమ దశ. క్రోమోజోమ్‌లన్నీ కణం మధ్యలో వరసకట్టి ఉంటే మధ్యస్థ దశ. రెండు గుంపులు చెరోవైపు లాగుతున్నట్టుంటే చలన దశ. కొసల్లో రెండు చిన్న ముద్దలుగా ఉండి, మధ్యలో గోడ ఏర్పడుతుంటే అంత్య దశ.

అందంగా ఉన్న చోటే ఆగిపోకండి. స్లైడ్ ఒక అంచు నుంచి ఇంకో అంచుకి తిన్నగా జరుపుతూ, అడ్డొచ్చిన ప్రతి కణాన్నీ లెక్కపెట్టండి. కనీసం 1000 కణాలు. 1000లో 90 విభజనలో ఉన్నాయనుకుందాం, అది 9 శాతం. కణచక్రం, అంటే ఒక విభజన నుంచి తర్వాతి విభజన దాకా పట్టే కాలం, మొత్తం 20 గంటలనుకుంటే, విభజనకి పట్టే సమయం దాదాపు 1.8 గంటలు, అంటే గంటా 48 నిమిషాలు. ఆ 90లో 50 ప్రథమ దశలో ఉంటే ఒక్క ఆ దశకే గంట పడుతుంది. కదలని చచ్చిన కణాల నుంచి సమయాన్ని లెక్కగట్టడం ఇలాగే.

జన్యువుల పనిని తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు వాడే తర్కం కూడా దీనికి దగ్గరిదే. లేలాండ్ హార్ట్‌వెల్ ఈస్ట్‌లో ఉత్పరివర్తనాలు (జన్యువుల్లో మార్పులు) కలిగించి, 23 డిగ్రీల్లో మామూలుగా పెరిగి 36 డిగ్రీల్లో విభజన ఆగిపోయే రకాలని ఏరాడు. ఒక్కో జన్యువు పాడైతే కణాలన్నీ ఒకే దశలో నిలిచిపోయేవి. ఏ దశలో నిలిచిందో చూస్తే ఆ జన్యువు చేసే పని ఏ దశదో తెలిసేది. పాల్ నర్స్ వేరే రకం ఈస్ట్‌లో పనిచేసి కణ విభజనని నడిపించే సీడీసీ2 అనే జన్యువుని పట్టుకున్నాడు. అదే పని చేసే జన్యువు మనిషిలోనూ ఉందని 1987లో చూపించాడు. ఈ ఇద్దరికీ, కణచక్రాన్ని నియంత్రించే సైక్లిన్ ప్రోటీన్లని కనుగొన్న టిమ్ హంట్‌కీ కలిపి 2001లో నోబెల్ ఇచ్చారు.

మీ బల్ల మీద కూడా విభజనని ఒక దశలో ఆపి చూడొచ్చు. కాల్చిసిన్ విషం, ఇంట్లో వద్దు. దాని బదులు, వేళ్లు వచ్చిన ఉల్లిని ఐస్ ముక్కలు వేసిన నీళ్లలో 24 గంటలు ఉంచండి. ఐస్ కరిగేకొద్దీ వేస్తూ, నీళ్లు 4 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. ఆ చలికి క్రోమోజోమ్‌లని లాగే కండె తంతువులు కరిగిపోతాయి, క్రోమోజోమ్‌లు పొట్టిగా, లావుగా, చెల్లాచెదురుగా ఆగిపోతాయి. 16 లెక్కపెట్టడానికి ఇదే సులువైన దారి. చల్లటి నీళ్లలోంచి తీసిన క్షణమే ఇథనాల్, అసిటిక్ ఆమ్లం ద్రవంలో వేయాలి. పది నిమిషాలు బయట పెడితే తంతువులు మళ్లీ కట్టుకుంటాయి. పక్కనే మామూలు నీళ్లలో పెరిగిన వేరుతో ఇంకో స్లైడ్ చేసి పెట్టుకోండి. పోల్చడానికి అది లేకపోతే ఐస్ చేసిన పని ఏమిటో చెప్పలేరు.

స్లైడ్ రెండు మూడు రోజులు నిలవాలంటే కవర్‌స్లిప్ చుట్టూ అంచుల తడిని ఫిల్టర్ పేపరుతో పీల్చి, గోళ్ల రంగు రాయండి. తడి మీద రాస్తే అతుక్కోదు, పాలలా తెల్లబడుతుంది. ఆరాక తేదీ, వేరు కోసిన గంట, ఆమ్లంలో ఉంచిన నిమిషాలు స్లైడ్ మీదే రాసి ఫ్రిజ్‌లో పడుకోబెట్టండి.