పాత ఆర్‌పీజీలు ఆడాలనుందా? క్రోనో ట్రిగ్గర్‌తో మొదలుపెట్టండి

పాత జపాన్ ఆర్‌పీజీలు (రోల్ ప్లేయింగ్ గేమ్‌లు, అంటే ఓ పాత్రగా కథలోకి దిగి ఆడే వీడియో గేమ్‌లు) ఆడదామనుకునేవాళ్ళు చాలామంది మొదటి నుంచి వరసగా వద్దామని 1986 నాటి డ్రాగన్ క్వెస్ట్ తెరుస్తారు, కాసేపటికే విసుగొచ్చి మూసేస్తారు. విసుగు రాక ఏం చేస్తుంది? మీ హీరో ఒక్కడే, ఎదురొచ్చే రాక్షసుడూ ఒక్కడే, అమెరికాలో వచ్చిన వెర్షన్‌లో అయితే మెట్లు దిగాలన్నా మెనూ తెరిచి ‘మెట్లు’ నొక్కాలి. అది తర్వాత చూసుకోవచ్చు. ముందు క్రోనో ట్రిగ్గర్ ఆడండి.

1995లో సూపర్ ఫామికామ్ అనే నింటెండో కన్సోల్ మీద వచ్చింది. ఫైనల్ ఫాంటసీ అనే మరో ఆర్‌పీజీ సిరీస్ సృష్టికర్త సకగుచి, డ్రాగన్ క్వెస్ట్ సృష్టికర్త హోరీ, డ్రాగన్ క్వెస్ట్‌కి బొమ్మలు గీసిన తోరియామా, ముగ్గురూ కలిసి పనిచేశారు. ఇప్పుడు స్టీమ్ (కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ షాపు)లోనూ ఫోన్లలోనూ ఇంగ్లిష్‌లో కొనుక్కోవచ్చు కాబట్టి పాత కన్సోల్ కోసం వెతుక్కోనక్కర్లేదు. కంప్యూటర్, కంట్రోలర్ ఉంటే వాటి మీదే ఆడండి, టచ్ స్క్రీన్ మీద నాకైతే ఆ మజా రాదు.

మన ఇళ్ళలో టీవీకి తగిలించుకున్న వీడియో గేమ్ అంటే మారియో, కాంట్రా. గబగబా బటన్లు నొక్కే ఆ అలవాటుతో ఇందులోకి వస్తే కంగారే. కొత్త గేమ్ మొదలవగానే ‘యాక్టివ్’ కావాలా ‘వెయిట్’ కావాలా అని అడుగుతుంది, మొహమాటపడకుండా ‘వెయిట్’ పెట్టండి. అప్పుడు మీరు టెక్‌లు (యుద్ధంలో వాడే ప్రత్యేక విద్యలు), మందుల లిస్టు చూస్తున్నంతసేపూ శత్రువు ఆగుతాడు.

మొదట్లో వచ్చే జాతరని మాత్రం పరుగులు పెట్టి దాటేయకండి. అక్కడ మార్ల్ అనే అమ్మాయిని గుద్దుకుంటారు, ఆమె లాకెట్ కింద పడుతుంది. ముందు లాకెట్ తీస్తారా, ఆమెని పలకరిస్తారా? పక్కన ఓ ముసలాయన భోజనం సంచి బల్ల మీద ఉంటుంది, నొక్కితే తినేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఓ చిన్నపిల్ల తన పిల్లి తప్పిపోయిందని ఏడుస్తుంటుంది. ఇవేవీ పెద్ద విషయాల్లా కనిపించవు కానీ కొన్ని గంటల తర్వాత మిమ్మల్ని కోర్టు బోనులో నిలబెట్టి ఒక్కొక్కటీ బయటికి తీస్తారు! తీర్పు ఏదైనా జైలు తప్పదు గానీ, మీరు చేసినవి మీకే చూపిస్తుంటే భలే ఉంటుంది. అందుకే కనీసం కోర్టు సీను దాకా వాక్‌త్రూలు (ఎలా ఆడాలో అడుగడుగునా చెప్పే గైడ్లు) చూడకండి.

ఇక యుద్ధాలు. ఇక్కడ శత్రువులు ఒక్కచోట నిలబడరు, తిరుగుతుంటారు. మీ హీరో క్రోనో టెక్ ‘సైక్లోన్’ ఒక శత్రువునీ, వాడి చుట్టూ ఉన్నవాళ్ళనీ కొడుతుంది కాబట్టి ఇద్దరు ముగ్గురు దగ్గరికి చేరేదాకా ఆగి వదలండి. మీ వాళ్ళలో ఇద్దరికీ టర్ను గీత నిండితే జంట టెక్‌లు పనిచేస్తాయి, క్రోనో సైక్లోన్‌కి మార్ల్ ‘ఆరా’ కలిస్తే అందరికీ ఒకేసారి ప్రాణం పెరుగుతుంది, మొదట్లో ఇదే మీకు అండ. బాస్‌ల (మామూలు వాళ్ళకంటే బలమైన పెద్ద శత్రువుల) దగ్గర మాత్రం చేతులు కట్టుకుని వాళ్ళు చెప్పేది వినండి. హెక్రాన్ అనే బాస్ ‘రా, కొట్టు చూద్దాం’ అన్నట్టు రెచ్చగొడతాడు, అప్పుడు కొట్టారో తిరిగి చావబాదుతాడు. ఆ పోజు దిగేదాకా వైద్యం చేసుకుంటూ కూర్చోండి, తర్వాత కత్తితో కాకుండా మంత్రాలతో కొట్టండి. ఓడిపోతే లెవెల్ తక్కువైందని అడవిలో గంటలు గంటలు గ్రైండింగ్ (లెవెల్ పెంచుకోడానికి చిన్న శత్రువుల్ని మళ్ళీ మళ్ళీ కొట్టడం) మొదలుపెడతారు చాలామంది, ఈ గేమ్‌లో దాదాపు అక్కర్లేదు, ఆట తీరు మార్చుకుంటే సరిపోతుంది.

సేవ్ సంగతి: ప్రపంచ పటం మీద ఎక్కడైనా చేసుకోవచ్చు, గుహల్లో మెరిసే చుక్క దగ్గరే. రెండు మూడు స్లాట్లు మార్చి మార్చి వాడండి.

ఇది అయ్యాక 1994 నాటి ఫైనల్ ఫాంటసీ 6కి వెళ్ళండి, కొత్తగా మెరుగుపెట్టిన ‘పిక్సెల్ రీమాస్టర్’ వెర్షన్ బాగుంటుంది. ఆడగలిగే పాత్రలే 14 మంది, ఎవరిని పెంచాలా అని టెన్షన్ పడకండి, నచ్చినవాళ్ళని పెంచుకోండి. ఒక్క చోట మాత్రం ముందే హెచ్చరిస్తా. గాల్లో తేలే ఖండం కూలిపోతుంటే గడియారం తిరుగుతూ ఉంటుంది, అంచుకి రాగానే దూకమంటుంది. దూకకండి, ‘వెయిట్’ ఎంచుకోండి. చివరి 5 సెకన్లు మిగిలినప్పుడు, ఆ 14 మందిలో ఒకడైన షాడో పరిగెత్తుకొస్తాడు. ముందే దూకేశారా, అతను ఇక మిగతా గేమ్ అంతా లేనట్టే.