వైబ్రేట్: వణకడమా, అదరడమా?

ఫోన్ మోగినప్పుడు ఇంగ్లిష్‌లో 'మై ఫోన్ ఈజ్ గెటింగ్ వైబ్రేటెడ్' అంటున్నారా? చాలామంది అలాగే అంటారు. తెలుగులో 'వైబ్రేట్ అవుతోంది' అంటాం కదా, ఆ 'అవుతోంది' వల్లే ఈ తిప్పలు. ఇంగ్లిష్‌లో ఫోన్ తనంతట తానే ఆ పని చేస్తుంది. కాబట్టి 'మై ఫోన్ ఈజ్ వైబ్రేటింగ్' అంటే చాలు.

వైబ్రేట్ అంటే చిన్నగా, వేగంగా, ఆగకుండా అటూ ఇటూ కదలడం. 440 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ని (తడితే ఒకే స్వరం పలికే, రెండు కొమ్ముల శ్రుతిదండాన్ని) తడితే దాని కొమ్ములు సెకనుకు 440 సార్లు ఇలా కదులుతాయి. వీణ తీగ, స్పీకర్, లారీ వెళ్తుంటే అదిరే కిటికీ అద్దం, వీటన్నిటికీ ఈ మాట సరిపోతుంది.

మనుషుల విషయంలోనే జాగ్రత్త. చలికి వణికితే షివర్, భయానికో కోపానికో వణికితే ట్రెంబుల్. చలికి వణుకుతూ 'ఐ యామ్ వైబ్రేటింగ్' అంటే మీలో మోటారు ఉందేమో అనుకుంటారు! గొంతులోని స్వరతంత్రులకు మాత్రం వైబ్రేటే వాడాలి.

అన్నట్టు, బ్రిటిష్‌వాళ్లు ఎక్కువగా 'బ్రేట్' దగ్గర ఒత్తి పలుకుతారు, అమెరికన్లు 'వై' దగ్గర. రెండూ సరైనవే.