పరాయి దేశపు విపత్తుకు పైసలు పంపాలంటే

ముందు మూటల సంగతి. టర్కీలో భూకంపం వచ్చినా, శ్రీలంకలో తుఫాను వచ్చినా మన దగ్గర మొదట బయటికొచ్చేవి పాత చీరలు, దుప్పట్లు, బియ్యం. హన్మకొండలో కట్టిన మూట కొలంబో చేరాలంటే లారీ, ఓడ, కస్టమ్స్ కాగితాలు, అక్కడ దించే కూలీలు, దాచే గోదాం అన్నీ కావాలి. ఆ కిరాయితో అక్కడి అంగట్లోనే సరుకు కొనొచ్చు, దెబ్బతిన్న దుకాణందారుకు బేరమూ అవుతుంది. మందులైతే ఇంకా తంటా. 2004 సునామీ తర్వాత ఇండోనేషియాలోని అచేకు సుమారు 4,000 టన్నుల మందులు వచ్చి పడ్డాయి. చాలావాటి మీద ఏం రాసుందో అక్కడివాళ్లకు అర్థం కాలేదు, పనికిరానివాటిని నాశనం చేయడానికి మళ్లీ ఖర్చు. చేరేనాటికి మందుకు కనీసం ఏడాది గడువు మిగలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఇంట్లో సగం వాడిన గోలీల స్ట్రిప్పులు ఏ లెక్కలోకీ రావు.

కాబట్టి పైసలే. ఎవరికంటే, విపత్తు రాకముందు నుంచే ఆ దేశంలో మనుషులు, వాహనాలు, గోదాములు ఉన్నవాళ్లకు: ఆ దేశపు రెడ్‌క్రాస్ లేదా రెడ్ క్రెసెంట్, యునిసెఫ్, ప్రపంచ ఆహార కార్యక్రమం లాంటివాటికి. వారం కింద పుట్టిన సంస్థకు లారీ మాట్లాడుకోవడమే పెద్ద పని. ‘దుప్పట్లకే వాడాలి’ అని షరతు కూడా పెట్టకండి. మీ పైసలు చేరేసరికి అక్కడ దుప్పట్లు చాలినన్ని ఉండి, నీళ్ల ట్యాంకర్లకు కటకట కావచ్చు.

ఇక్కడి ట్రస్టు ద్వారా ఇస్తుంటే ఒక్క ప్రశ్న తప్పక అడగండి: ఆ దేశంలో మా సొమ్ము ఖర్చు పెట్టేది ఎవరు? విదేశంలో పెట్టే ఖర్చుకు పన్ను మినహాయింపు కావాలంటే మన ట్రస్టులకు ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి ఉండాలి. అందుకే జవాబు మెయిల్‌లో తీసుకోండి. ‘మా సాధారణ నిధిలో జమ అవుతుంది’ అన్నారంటే ఆ సొమ్ము ఇక్కడే ఖర్చు కావచ్చు. అదేం తప్పు కాదు గానీ మీరనుకున్నది అది కాదు. 80జి (విరాళానికి దొరికే పన్ను రాయితీ) ఆశ ఉంటే గుర్తుంచుకోండి: విదేశీ సంస్థకు నేరుగా ఇస్తే రాదు, నగదు 2,000 దాటితే రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఎట్లాగూ రాదు.

నేరుగా పంపడమూ కుదురుతుంది. బ్యాంకులో పాన్ చూపి, విదేశాలకు సొమ్ము పంపే ఎ2 ఫారం నింపాలి. విదేశీ ధార్మిక సంస్థలకు విరాళమైతే కోడ్ ఎస్1303. మనిషికి ఏడాదికి 2.5 లక్షల డాలర్లు పరిమితి. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై 20 శాతం టీసీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) పట్టుకుంటారు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుకోవచ్చు. అసలు దెబ్బ చిన్న మొత్తాలకు తగులుతుంది. బ్యాంకు ఛార్జీ, దాని మీద జీఎస్టీ, మధ్యలో ఉన్న బ్యాంకు కోసుకునే డాలర్లు కలిపితే 2,000 పంపినవాళ్ల సొమ్ములో పెద్ద వాటా దారిలోనే పోతుంది. చిన్న మొత్తమైతే సంస్థ వెబ్‌సైట్‌లో కార్డుతో కట్టండి. కార్డులో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి, కట్టగానే ఆఫ్ చేయండి. నేపాల్ సంగతి వేరు, అక్కడికి డాలర్లలో కుదరదు, రూపాయల్లోనే పంపాలి.

ఇక మోసాలు. 2015 ఏప్రిల్ 25న నేపాల్ భూకంపం తర్వాత చెల్లెను హత్తుకున్న చిన్న పిల్లగాడి ఫొటో లోకమంతా తిరిగింది, దాని పేరుతో విరాళాలూ అడిగారు. అది 2007లో వియత్నాంలో తీసిన ఫొటో. ఫొటో చూసి కళ్లల్లో నీళ్లొస్తే ముందు గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడండి. క్యూఆర్ కొట్టాక, పిన్ కొట్టకముందు తెరమీద వచ్చే పేరు చదవండి: సంస్థ పేరు చెప్పి మనిషి పేరు కనిపిస్తే అక్కడే ఆపండి. విరాళానికి ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) దించుకోమన్నవాడు దొంగే. పైసలు పోయాయని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. ఆలస్యమైతే సొమ్ము నాలుగు ఖాతాలు మారుతుంది.

జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు గనుక ఇది విడిగా చెప్పాలి: దుబాయ్‌లో ఉన్న కొడుకుతోనో తమ్మునితోనో అక్కడి గ్రూపుల్లో చందా అడిగించకండి. యూఏఈలో అనుమతి ఉన్న సంస్థలు తప్ప మామూలు మనుషులు విరాళాలు వసూలు చేయడం నేరం, జరిమానాతో పాటు జైలూ ఉంటుంది. అక్కడివాళ్లు ఇవ్వాలనుకుంటే అక్కడి అనుమతి ఉన్న సంస్థకు తమ వంతు తామే ఇవ్వాలి.

ఊళ్లో యూత్ సంఘం వసూలు చేస్తే ఎవరి సొంత ఖాతాలోనూ వేయించొద్దు. సంఘం పేరిట ఇద్దరు సంతకాలు పెట్టే ఖాతా ఉండాలి. మొత్తం ఒక్కసారే పంపి, యూటీఆర్ నంబరు (పైసలు పంపినట్టు బ్యాంకు ఇచ్చే నంబరు), రసీదు ఫొటో అదే రోజు గ్రూపులో పెట్టాలి. రసీదు ఒక్క పేరు మీదే వస్తుంది, 80జి ఎవరికన్నది ముందే మాట్లాడుకోవాలి, లేకుంటే తర్వాత పంచాయితీ అవుతుంది.

ఉన్నదంతా మొదటి వారంలోనే ఇచ్చేయకండి. కెమెరాలు వెళ్లిపోయాక బడుల కప్పులు, బోర్లు, ఇళ్ల పునాదుల ఖర్చు మొదలవుతుంది, అప్పటికి ఇచ్చేవాళ్లు తగ్గిపోతారు. సగం ఇప్పుడు ఇచ్చి, మిగతా సగానికి మూడు నెలల తర్వాతి తేదీతో ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.