ఒక్క అడుగులో తేలిపోయే సమీకరణాలు: కూడికలు, తీసివేతలు

ఎక్స్ + 7 = 12 అని ఇచ్చి, ఎక్స్ అనే తెలియని సంఖ్య ఎంత అని అడిగితే లెక్క చేయకుండానే 5 అని చెప్పేయొచ్చు. అదే ఎక్స్ + 3.85 = 11.2 అని ఇస్తే చాలామంది పిల్లలు ఆగిపోతారు, ఎందుకంటే మొదటిదాంట్లో పనికొచ్చింది ఊహ, పద్ధతి కాదు. కాబట్టి పద్ధతిని సులువైన లెక్క మీదే నేర్చుకోండి, జవాబు ముందే తెలిసిపోయినా సరే.

ముందు ఎక్స్‌ని ఏం చేశారో చూడండి. 7 కలిపారు. ఎక్స్ ఒంటరిగా మిగలాలంటే ఆ 7 పోవాలి, అంటే 7 తీసేయాలి, అదీ రెండు వైపులా:

ఎక్స్ + 7 − 7 = 12 − 7
ఎక్స్ = 5

రెండు వైపులా ఎందుకంటే, = అంటే "ఇక్కడ జవాబు రాయి" అని కాదు, అటూ ఇటూ ఉన్నవి సమానం అని. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే గణితవేత్త ఈ గుర్తును మొదటిసారి వాడినప్పుడు, రెండు సమాంతర గీతలకన్నా సమానమైనవి మరేవీ ఉండవనే రెండు గీతలు పెట్టాడు. ఒక వైపే తీసేస్తే ఆ సమానత్వం పోతుంది.

తీసివేత ఉంటే కలపాలి. ఎక్స్ − 9 = 4లో రెండు వైపులా 9 కలిపితే ఎక్స్ = 13.

"అటు తీసుకెళ్తే ప్లస్ మైనస్ అవుతుంది" అనే పక్షాంతరం సూత్రం తప్పేమీ కాదు, పైన చేసిన పనికే అది పొట్టి దారి. కానీ దాన్ని మొదటిరోజే బట్టీ పట్టించొద్దని గట్టిగా చెప్తాను, గుర్తు ఎందుకు మారిందో తెలియని పిల్లలు తర్వాత గుణకారాలున్న సమీకరణాల్లో కూడా ఊరికే గుర్తులు మార్చేస్తారు.

15 = ఎక్స్ + 6 లాగా ఎక్స్ కుడివైపు ఉంటే టెన్షన్ అక్కర్లేదు, దాన్ని అక్కడే ఉంచి రెండు వైపులా 6 తీసేయండి, 9 = ఎక్స్ అన్నా ఎక్స్ = 9 అన్నా ఒకటే.

ఎక్కువగా తప్పు పోయేది ఎక్స్ + 9 = 4 దగ్గర. పెద్దదాంట్లోంచి చిన్నది తీసే అలవాటుతో 5 అని రాసేస్తారు. తీయాల్సింది 4లోంచి 9, కాబట్టి ఎక్స్ = −5. ఇలాంటివి పట్టుకోవడానికే సరిచూసుకోవడం: వచ్చిన విలువను ఎక్స్ స్థానంలో పెట్టండి, −5 + 9 = 4, సరిపోయింది. 5 పెడితే 14 వస్తుంది, తప్పు వెంటనే దొరికిపోతుంది.

12 − ఎక్స్ = 5 మాత్రం కాస్త వేరు. ఇక్కడ తీసేస్తున్నది ఎక్స్‌నే కాబట్టి రెండు వైపులా ఎక్స్ కలపండి, 12 = 5 + ఎక్స్ అవుతుంది, ఇక మామూలు లెక్కే, ఎక్స్ = 7.

ఇప్పుడు ఇవి చేసి చూడండి: ఎక్స్ + 14 = 9, 6 = ఎక్స్ − 20, ఇంకా మొదట్లో వదిలేసిన ఎక్స్ + 3.85 = 11.2. జవాబులు −5, 26, 7.35.