యూరప్‌లో దేశం దాటే రైలు: చవక టికెట్ కొనే ముందు చూసుకోవాల్సినవి

హైదరాబాద్‌లో ఉండగానే ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ముందుకెళ్లే రైలు టికెట్లు కొనేస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఆగండి. మొన్న కూకట్‌పల్లిలో మా పిన్ని కొడుకు ల్యాప్‌టాప్ చూశాక ఇది రాయక తప్పలేదు. వాడికి వియన్నాలో చదువుకి సీటొచ్చింది. విమానం దిగిన గంటుంబావుకి మ్యూనిక్ రైలు, అక్కడ పన్నెండు నిమిషాల్లో దిగి ఎక్కాల్సిన వియన్నా రైలు. రెండు టికెట్లూ వేర్వేరు సైట్లలో, రెండూ అన్నిటికన్నా చవకవి. చాలా డబ్బు మిగిలిందని సంబరంగా చూపించాడు.

మన దగ్గర చార్జీ తేడా అంటే ముఖ్యంగా క్లాసు తేడా. స్లీపర్‌కి ఒక రేటు, థర్డ్ ఏసీకి ఒక రేటు. అక్కడ ఒకే పెట్టెలో పక్కపక్కనే కూర్చున్న ఇద్దరిలో ఒకరు రెండోవారికి మూడింతలు కట్టి ఉండొచ్చు. ఎక్కువ కట్టినవారికి దక్కేది మెత్తటి సీటు కాదు, ప్రయాణం మార్చుకునే వీలు. జర్మనీ రైల్వే డాయిచె బాన్‌లో సూపర్ స్పార్‌ప్రైస్ అనే చవక టికెట్ కొంటే ఆ రైలే ఎక్కాలి, వద్దనుకుంటే పైసా రాదు. స్పార్‌ప్రైస్ కూడా ఆ రైలుకే కట్టుబడి ఉంటుంది, కాకపోతే రద్దు చేస్తే కొంత కోసుకుని మిగతాది వోచర్‌గా ఇస్తారు. ఫ్లెక్స్‌ప్రైస్ ఖరీదెక్కువ, కానీ టికెట్‌లో రాసిన దారిలో వేరే రైలు కూడా ఎక్కొచ్చు. చవక కోటా అయిపోయేకొద్దీ రేటు పెరుగుతుంది. మన రాజధాని, దురంతోల్లో 2016లో తెచ్చిన ఫ్లెక్సీ ఫేర్ పద్ధతి గుర్తుంటే ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు.

ఇంకో సంగతి. మ్యూనిక్–వియన్నా రైలుకి జర్మనీ వాళ్లూ అమ్ముతారు, ఆస్ట్రియా రైల్వే ఓబీబీ కూడా అమ్ముతుంది. బెర్లిన్–ప్రాగ్‌కి చెక్ రైల్వే సైట్ కూడా ఉంది. రైలు అదే, రేటు మాత్రం వేరుగా ఉండొచ్చు. రెండు చోట్లా చూడండి. చూడమంటున్నాను గానీ, ప్రయాణాన్ని ముక్కలు చేసి సగం ఒక చోట, సగం ఇంకో చోట కొనమనడం లేదు!

నా భయమంతా ఇక్కడే. మొత్తం ప్రయాణానికి ఒకే టికెట్ తీసుకుంటే, మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోయినా మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత రైల్వేదే. విడివిడిగా కొంటే రెండో రైలు వాళ్లకి మీరు వేళకి రాని ప్రయాణికులు, అంతే. అక్కడ నా మొదటి చలికాలంలో నాకు జరిగింది ఇదే. నలభై నిమిషాలు ఆలస్యంగా దిగేసరికి రెండో రైలు వెళ్లిపోయింది. ఆ టికెట్ చెల్లదన్నారు, అప్పటికప్పుడు కొన్న కొత్త టికెట్‌కి నెల సరుకుల డబ్బు పోయింది. జర్మనీలో దూరప్రాంత రైళ్లు ఆలస్యం కావడం అరుదైన విషయమేమీ కాదు. "జర్మన్లు కదా, టైమంటే టైమే" అనుకుంటూ పన్నెండు నిమిషాల మార్పు పెట్టుకోకండి. ఎన్నిసార్లు చెప్పినా వినరు!

విమానం సంగతి ఇంకా ఘోరం. శంషాబాద్‌లో విమానం రెండు గంటలు ఆలస్యంగా లేస్తే, విడిగా కొన్న చవక రైలు టికెట్‌కి ఎవరూ పూచీ పడరు. పైగా ఇమిగ్రేషన్ క్యూ, లగేజీ. దిగిన రోజుకి మాత్రం ఫ్లెక్స్‌ప్రైస్ తీసుకోండి, లేదా కనీసం నాలుగు గంటల తేడా పెట్టుకోండి. లుఫ్తాన్సా ఎక్స్‌ప్రెస్ రైల్ లాగా విమానం టికెట్‌లోనే రైలు కలిసొచ్చే ఏర్పాటు మీ ఊరికి ఉంటే అది ఇంకా మంచిది. పొదుపు చేయాలంటే తర్వాత వచ్చే వీకెండ్ ప్రయాణాల్లో చేయండి, మొదటి రోజున వద్దు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మన దేశపు బ్యాంకు కార్డుతో కట్టేటట్టయితే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయండి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు గడిలో ఇంటిపేరే రాయండి. దేశం దాటేటప్పుడు పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు ఒంటి మీదే ఉంచుకోండి. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటా తనిఖీలు పెట్టింది, పోలీసులు రైల్లోకే వచ్చి అడుగుతారు. యూరోస్టార్‌లో లండన్ వెళ్లాలంటే బ్రిటన్ వీసా వేరుగా కావాలి, యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా చాలదు. జర్మనీ, ఆస్ట్రియాల్లో చాలా రైళ్లలో టికెట్ వేరు, సీటు రిజర్వేషన్ వేరు. ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు టీజీవీలో మాత్రం రిజర్వేషన్ తప్పనిసరి.

ఇంత చెప్పాక కొందరికి టెన్షన్ పట్టుకుంటుందని తెలుసు. సరే, ఇదీ చెప్తాను. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం గమ్యానికి గంట ఆలస్యమైతే చార్జీలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం వెనక్కి వస్తుంది, అసాధారణ కారణాలుంటే తప్ప. ఆలస్యం వల్ల రాత్రి మధ్యలో ఆగిపోవాల్సి వస్తే, వీలున్న చోట బస కూడా రైల్వేనే చూడాలి. పెద్ద స్టేషన్లలో కౌంటర్ దగ్గర ఇంగ్లిష్‌లో మాట్లాడితే సరిపోతుంది. టికెట్ పారేయకుండా ఉంచుకుని, మూడు నెలల్లోపు క్లెయిమ్ పెట్టండి.